రెండు వైపుల తెర

ఏడు అంకె తోకను కిందికి లాగుతూ బాబూలాల్ ఊపిరి బిగబట్టాడు. గీత గీసేటప్పుడు ఊపిరి తీస్తే చెయ్యి వణుకుతుందని ఆయన నమ్మకం. ఎడంచేతిలో మూరెడు వెదురుకర్ర, దాని కొసన గుడ్డపీలికలు చుట్టిన ఉండ. ఉండను నంబరు ప్లేటు అంచుకు ఆనించి, కర్ర మీద కుడి మణికట్టు మోపి, కుంచెను నడిపిస్తాడు. ఆ కర్ర లేకుండా చుక్క కూడా పెట్టడు. తోక దిగింది. ఊపిరి వదిలాడు.

"అయిందా బాబాయ్?" అన్నాడు మోటారు సైకిలు తాలూకు మనిషి.

"అయింది. ఆరేదాకా ముట్టుకోబాకు. ముట్టుకున్నావా, అది ఏడూ కాదు, ఒకటీ కాదు. దారిలో ఆపినోళ్లకు నువ్వే చెప్పుకోవాల."

తెనాలి రైల్వే గేటు పక్కన రేకుల షెడ్డులో ఆయన కూర్చునే చోటు ఒక స్టూలు, కాళ్ల కింద ఒక గోనెసంచి. అరవై రెండేళ్ల పొట్టి మనిషి. ముందుకొచ్చిన బొజ్జ, గోరింటాకు పెట్టి ఎర్రబారిన గడ్డం, ఒక కాడ విరిగితే నల్లదారంతో చెవికి కట్టుకున్న కళ్లజోడు. గోళ్ల చుట్టూ పసుపూ నీలమూ ఎప్పుడో దిగిపోయి చర్మంలో కలిసిపోయాయి. ఊళ్లో ఆయన్ని నంబర్ల సాయిబు అంటారు. ఆ పేరు ఆయనకు కిట్టదు. నంబర్లు రాస్తున్నది పదేళ్ల నుంచే. అంతకుముందు ఆయన వీధులూ కోటలూ అడవులూ వేశాడు.

అవి నాటకాల తెరలు. పదమూడో ఏట బాపట్లలో ఒక ముసలి గురువు దగ్గర చేరి మూడేళ్లు జిగురు కాచాడు, మూడేళ్లు పొడిరంగులు నూరాడు. చేరిన ఏడో ఏట ఆకాశం వెయ్యనిచ్చారు. ఆకాశం ఎవడైనా వేస్తాడని గురువుగారి అభిప్రాయం. వీధి వెయ్యడం మాత్రం చిన్న సంగతి కాదు. గుడ్డ మీద ఇళ్లు అటూ ఇటూ తిరిగి, పోనుపోను సన్నబడి, చివర ఎక్కడో మలుపు తిరగాలి. చూసేవాడికి ఆ మలుపు దాకా వెళ్లి రావాలనిపించాలి. రేపల్లెలో ఒకసారి భటుడి వేషం వేసినవాడు ఆయన వేసిన వీధిలోకి తిన్నగా నడిచి, తెరకట్టిన వాసానికి ముక్కు గుద్దుకున్నాడు. వాడు కాస్త పుచ్చుకుని ఉన్నమాట నిజమే. అయినా జనం విరగబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తెరవేనని బాబూలాల్ ఇప్పటికీ అంటాడు. కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

పేద నాటక సమాజాలు రెండు తెరలు మొయ్యలేవు. అందుకని ఒకే గుడ్డకు రెండు వైపులా వేయించుకునేవి. ఇటు వీధి, అటు అడవి. రంగం మారగానే తిరగేసి కట్టడమే. బాపట్లలో ఒకనాడు హడావిడిలో తిరగెయ్యడం మరిచిపోతే రాజుగారు నడివీధిలో జింకను వేటాడారు.

నాటకం అయ్యాక హార్మోనియం ఆయన పేరు మైకులో చెప్పేవారు. మైకు ఇచ్చినవాడి పేరు చెప్పేవారు. టీలు పంపిన హోటలు పేరు కూడా చెప్పేవారు. తెర వేసినవాడి పేరు చెప్పే ఆనవాయితీ లేదు. తెర పైభాగాన సమాజం పేరు బంగారు రంగులో తనే రాసి, తనే చుట్టి, తనే బండెక్కించేవాడు. మొత్తం నూట పద్నాలుగు తెరలు. ఒక్క దాని మీదా బాబూలాల్ అనే మాట లేదు. అడగడానికి ఆయనకు నామోషీ. అడక్కుండా ఎవరికీ తోచలేదు.

ఆ మాట రాసుకునే యోగం ఉందో లేదో ఈ సాయంత్రం ఆరింటికి తేలిపోతుంది.

పన్నెండు కాకుండానే కుంచెలు కడిగేసి, కర్ర చంకన పెట్టుకుని ఇంటికి నడిచాడు. జైనబ్ బీ పెరట్లో ఉంది. చప్టా రాయి ముందు పీట వేసుకుని, నీలం అంచు పింగాణీ బేసినులో అంట్లు ముంచి తీస్తోంది. బేసిను అంచు ఒకచోట పెచ్చు ఊడి నల్లగా కనిపిస్తుంది. పెళ్లయిన కొత్తలో బాపట్ల నుంచి ఆయనే తెచ్చాడు. ఆయన గడపలో నిలబడి ఆ పెచ్చు ఊడిన చోటునే చాలాసేపు చూశాడు.

"ఏంటండి అట్టా చూస్తారు? అన్నం పెట్టనా?"

"పెట్టు. ఆ బేసిను కాస్త ఇటు తిప్పు ముందు."

ఆమె తిప్పింది. ఈ మనిషితో వేగడం అలవాటే. అన్నం ముందు కూర్చుని ఆయన ఛాతీ రుద్దుకోవడం చూసి మాత్రం ఊరుకోలేదు. "పొద్దున్నుంచి అరగలేదంటన్నారు. ఆసుపత్రికి పోదామంటే వినరు."

"రేపు పోదాంలే. ఇవాళ నాటకం ఉంది."

"నాటకాలు పోయి ఎన్నేళ్లయింది!"

"ఇది వేరే సమాజం. నువ్వూ రాకూడదా ఆరింటికి? సుమయా కొట్టేగా, పరాయి చోటా?"

ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో ఆమె ఆయన తెర ఒక్కటీ చూడలేదు. తెల్లార్లూ ఆడే నాటకాలకు ఆ ఇంటి ఆడవాళ్లు వెళ్లేవారు కాదు. తెరలు తయారయ్యేది ఏ సత్రంలోనో నేల మీద. ఇంటికి వచ్చేవి రంగు మరకలే. వాటిని ఉతికింది మాత్రం ఆమే.

"పొయ్యి మీద కూర ఎవరు చూస్తారు? రేపు చూస్తాలెండి, ఎక్కడికి పోద్ది?" అంది.

సుమయా వాళ్ల వీధి పిల్లే. కంప్యూటర్లలో డిగ్రీ చేసి, బజారులో నాలుగు కంప్యూటర్లతో నెట్ సెంటరు పెట్టింది. రెండేళ్ల కిందట ఊరంతా ఫ్లెక్సీలు కట్టుకుంటుంటే తనకు చేత్తో రాసిన బోర్డే కావాలని ఆయన్ని పిలిపించింది. బోర్డు రాసి, నిచ్చెన దిగి, మంచినీళ్లు తాగుతుంటే ఆమె ముందున్న తెర మీద ఒక ఊరు కనిపించింది. అందులో మనుషులు తిరుగుతున్నారు. ఒక్కో బొమ్మనూ ఏదో దేశంలో కూర్చున్న నిజం మనిషి నడిపిస్తున్నాడనీ, అక్కడి ఇళ్లూ చెట్లూ వాళ్లే తయారుచేసుకుంటారనీ సుమయా చెప్పింది.

"ఆ ఇటుకల గోడ ఎట్టా కట్టారమ్మా?"

"కట్టలేదు చాచా. అది ఉత్త పెట్టె. దాని మీద ఇటుకల బొమ్మ అతికించారు."

బాబూలాల్ గ్లాసు కింద పెట్టాడు. "అయితే ఇదంతా తెరేగా!" అన్నాడు. అంత నవ్వు ఆయన మొహం మీద చాలా ఏళ్లకు కనిపించింది.

మౌసు మాత్రం నెల రోజులు ఏడిపించింది. చివరికి ఒకరోజు వెదురుకర్ర తెచ్చాడు. గుడ్డ ఉండను మానిటరు మూలకు ఆనించి, కర్ర మీద మణికట్టు మోపి, వేళ్లతో మౌసు కదిపాడు. సుమయా కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. గీత చూశాక నవ్వడం మానేసింది. నంబరు ప్లేట్ల మీద గీతలు కొట్టుకునే సుద్ద ఉండకు పట్టి, మానిటరు మూలకు తెల్లగా అంటుకునేది. మొదట్లో ఆమె రోజూ తుడిచేది. తర్వాత వదిలేసింది.

ఆ లోకంలో తిరగడానికి ఆయనకో బొమ్మ చేసిపెట్టింది. గళ్ల లుంగీ, తెల్ల లాల్చీ, తలమీద టోపీ. బొజ్జ పెట్టమని ఆయనే పట్టుబట్టాడు, అబద్ధం ఎందుకని. ఆ బొమ్మలో ఆయనకు నచ్చనిది ఒక్కటే. కాసేపు ఏ మీటా నొక్కకపోతే అది తల వాల్చి నిలబడే నిద్రపోతుంది. "నేను పనిలో నిద్రపోయే మనిషినా?" అని వెంటనే ఒక మీట నొక్కి దాన్ని లేపేవాడు.

అక్కడ ఒక ప్రదర్శనశాల ఉంది. దాన్ని నడిపేది ఏదో చలి దేశపు ఆవిడ. పోయిన నెల ఆయన వేసిన వీధిని సుమయా అందులో ఒక గోడకు అతికించింది. ఆయన లెక్క ప్రకారం జనం ఎదురుగా కూర్చుని చూస్తారు. ఈ జనం కూర్చోలేదు. ఎగిరారు. ఒకడు గాల్లోకి లేచి గోడ వెనక్కి దిగి, అక్కడేమీ లేదని చాటింపు వేశాడు. మిగతావాళ్లు నవ్వారు. యాభై ఏళ్ల పనివాడే, కానీ ప్రేక్షకుడికి రెక్కలుంటాయని ఎవరు చెప్పారు? రెండు రోజులు ఆయన అన్నం సరిగా తినలేదు. ఆవిడ మర్యాదగానే రాసింది. ఇంకొక్కసారి చూపించవచ్చు, వచ్చినవాళ్లు మెచ్చితే పేరుతో సహా ఎప్పటికీ ఉంచుతానంది, లేకపోతే తీసేస్తానంది. మూడో రోజు పొద్దున బాబూలాల్ నెట్ సెంటరు తలుపు తియ్యకముందే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"వెనక వైపు కూడా వేస్తానమ్మా. మాకది కొత్తా?" అన్నాడు.

ఇవాళ కరెంటు రెండింటికి పోయి నాలుగింటికి వచ్చింది. మిగిలింది కాస్తే. మూడో నంబరు కంప్యూటరు ముందు కర్ర ఆనించి, ఒక బేసినుకు నీలం అంచు దిద్ది, అంచు మీద ఒకచోట పెచ్చు ఊడగొట్టాడు. "ఇప్పుడు ఎక్కించమ్మా" అన్నాడు అయిదున్నరకు.

ఆరింటికి పదకొండు మంది వచ్చారు. ఒకడికి నక్క మొహం, ఒకామెకు నీలం జుట్టు, ఒకడికి నిజంగానే రెక్కలు. బాబూలాల్ బొమ్మ ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఇవతల బాబూలాల్ అరచేతులు లుంగీకి తుడుచుకున్నాడు. నక్క మొహంవాడు వీధి ముందు ఆగి, అటూ ఇటూ చూసి, మలుపు వైపు నడిచాడు. గోడకు తగిలి ఆగాడు. వెనక్కి వచ్చి మళ్లీ నడిచాడు. మళ్లీ తగిలాడు.

"గుద్దుకున్నాడు. పైగా వీడు తాగలేదు," అన్నాడు బాబూలాల్.

రెక్కలవాడు గాల్లోకి లేచాడు. పోయిన నెల చాటింపు వేసినవాడు వాడే. గోడ దాటి కనిపించకుండా పోయాడు. బాబూలాల్ కర్రను గట్టిగా పట్టుకున్నాడు. ఒక నిమిషం గడిచింది. వాడు తిరిగి రాలేదు. తర్వాత తెర అడుగున అక్షరాలు పడ్డాయి. సుమయా చదువుతూ చదువుతూ లేచి నిలబడింది.

"చాచా, వెనకాల ఈ ఇళ్లవాళ్ల పెరళ్లున్నాయి, అందరూ రండి అంటున్నాడు!"

ఒకరి వెంట ఒకరు ఎగిరి అటు దిగారు. ముందు వైపు తలుపులు, అరుగులు, బోర్డులు ఉన్న ఇళ్లకే వెనక వైపు బావులు, దండేల మీద బట్టలు, మునగచెట్లు. చప్టా రాయి దగ్గర నీళ్లు ఇంకా తడిగా మెరుస్తున్నాయి. మోసం పట్టుకుందామని వచ్చినవాళ్లు అక్కడే తచ్చాడుతూ ఉండిపోయారు. చాలాసేపటికి చలి దేశపు ఆవిడ రాసింది. ఇది ఇక్కడే ఉంటుంది, పేరు ఏమని రాయమంటారు అని.

"ఆవిణ్ణి రాయొద్దను. నేను రాసుకుంటా," అన్నాడు బాబూలాల్. సంతోషం అంత పట్టరాకుండా ఉంటుందని ఆయనకు ఆ వయసులో తెలిసింది.

ఇరవై నిమిషాలు పట్టింది. కర్ర మీద మణికట్టు, మణికట్టు కింద నలభై ఏళ్లు రాయని మాట. బాబూలాల్, తెనాలి. అక్షరాలకు బంగారు రంగే వేశాడు. సుమయా దాన్ని ఎక్కించి వీధి మొదట్లో బోర్డుగా నిలబెట్టింది. ఆయన బొమ్మను నడిపించుకుంటూ వెళ్లి దాని పక్కన నిలబెట్టాడు.

"ఉండండి చాచా, ఇవాళ టీ నాది," అని ఆమె వీధిలోకి పరుగెత్తింది.

రెండు గ్లాసులతో తిరిగి వచ్చేసరికి తెర మీద బోర్డు పక్కన బొమ్మ తల వాల్చి ఉంది. "చాచా, మీవాడు నిద్రపోతన్నాడు. లేపండి," అంది నవ్వుతూ. ఆయన కుర్చీలో కొంచెం ముందుకు వంగి ఉన్నాడు. మణికట్టు కర్ర మీదే ఉంది. ఇంకేదో గీత గీస్తున్నాడేమో, ఊపిరి బిగబట్టాడేమో అనుకుంది. కదిలించకూడదని కాసేపు వెనకే నిలబడింది. టీ మీద మీగడ కట్టింది.

జైనబ్ బీ నాలుగు నెలల పది రోజులు గడప దాటలేదు. భర్త పోయినవాళ్లు పాటించే ఇద్దత్ గడువు ముగిసిన మర్నాడు పొద్దున్నే బురఖా వేసుకుని, ఒక్కతే నడుచుకుంటూ నెట్ సెంటరుకు వచ్చింది. "ఏదీ, ఆయన తెర చూపించమ్మా," అంది.

సుమయా మూడో నంబరు ముందు కుర్చీ వేసింది. బోర్డు చూపించింది. జైనబ్ బీకి తెలుగు చదవడం కూడబలుక్కుంటేనే వస్తుంది. కూడబలుక్కుని పైకే చదివింది, రెండుసార్లు. తర్వాత సుమయా గోడ మీదుగా ఎగరేసి వెనక్కి తీసుకెళ్లింది. జైనబ్ బీ తెరకు దగ్గరగా జరిగింది. చప్టా రాయి. పీట. దండెం మీద తన ఆకుపచ్చ దుపట్టా. నీలం అంచు బేసిను.

"పెచ్చు కూడా వేశారు," అంది. కళ్లు తుడుచుకుంది. "ఎంతమంది చూసుంటారమ్మా?"

"మూడు వేలు దాటారు చాచీ. రోజూ వస్తూనే ఉన్నారు."

"మూడు వేల మంది నా పెరట్లోకి వచ్చారా!" ఆమె వెన్ను నిటారుగా చేసి కూర్చుంది. మొహంలో గర్వం దాచుకోలేదు, దాచుకోవాలని కూడా అనుకోలేదు. "నయం, అంట్లన్నీ తోమినవే వేశారు."

వెళ్లేటప్పుడు సుమయా వెదురుకర్ర తీసి ఆమె చేతికివ్వబోయింది. జైనబ్ బీ గుడ్డ ఉండను వేళ్లతో ఒకసారి తడిమింది. అది ఆమె పాత చీర ముక్కే. "ఉండనీమ్మా. ఆయన పని ఇక్కడేగా," అని తిరిగి దాని చోట్లో తనే పెట్టింది.

మూడో నంబరు మానిటరు మూలకు ఆనుకుని కర్ర అట్లాగే ఉంది, గుడ్డ ఉండ ఆనిన చోట సుద్ద మరక తెల్లగా.