కీర్తిశేషుని వేలిముద్ర

వైశాఖమాస మధ్యాహ్నమున ప్రచండ మార్తాండ కిరణ సంతప్తములైన నల్లరాతి గుట్టలు పొగలేని నిప్పువలె కనలుచుండ ఆకులు రాల్చిన మోదుగు చెట్ల నడుమ నీడ యను మాటయే లేక పక్షులు సైతము గొంతు విప్ప వెరచుచున్న యా వేళ, నగరమునకు పది క్రోసుల దూరమున నొక గుట్ట నెత్తిమీద అద్దపు గోడలతో శీతలయంత్రముల హోరుతో విద్వన్మణి విశ్వవిద్యాలయము మాత్రము హేమంతమును కొనితెచ్చి లోపల కట్టివేసికొన్నట్లు చల్లగా నుండెను. ఆ చల్లదనము లోపలివారికే. ద్వారము వెలుపల నిలిచినవారికి ఆ యద్దములు ఎండను రెట్టించి మొగముమీద కొట్టుచుండెను. నూర్గురు కోరినచో నొక్కరికి మాత్రమే చోటిచ్చుట తన మహత్త్వమని దినపత్రికలలో నిండు పుటలు వేయించి చాటుకొను విద్యాలయమది. తక్కిన తొంబదితొమ్మండుగురి యేడుపే తన కీర్తియని దానికి బాగుగా తెలియును.

ఆనాడు ముఖాముఖి పరీక్షకు పిలువబడిన వారిలో అలివేలు అను పదునేడేండ్ల బాలిక యొకతె. మార్కాపురము చేరువ పలకల గనిలో ముప్పదియేండ్లు రాయి చీల్చి చీల్చి ఊపిరితిత్తుల నిండ ధూళి నింపుకొన్న చెన్నకేశవులు ఆమె తండ్రి. సంరక్షకుడు వెంట రావలెనను నియమము చొప్పున ఆయనయే ఆమెతో వచ్చెను. ద్వారమున కావలివాడు సందర్శకుల పుస్తకమును ముందుకు త్రోయగా చెన్నకేశవులు కలము పుచ్చుకొని గడి దాటిపోవునంత పెద్ద యక్షరములతో తన పేరు వ్రాసెను. ఆయనకు వచ్చిన వ్రాత యంతయు ఆ పేరొక్కటియే. ఆరేండ్ల ప్రాయమున అలివేలు పగిలిన పలకమీద దిద్దించి నేర్పిన యక్షరములవి. అవి వచ్చిన నాటినుండి పంచాయతీలో గాని కూలిపట్టీలో గాని వేలిముద్ర వేయుమన్నవారిని ఎగాదిగ చూచి కలము అడిగి మరీ తీసికొనెడివాడు.

ఆ వాడుక చొప్పున వ్రాసిన పేరును చూచి అలివేలు కావలివానికి కనబడకుండ అడ్డముగా జరిగెను. ఏలయన ఆమె దరఖాస్తులో ఆ పేరుగలవాడు మరణించి మూడేండ్లయినది.

ఆ చావునకు కర్త జయసింహుడు. విద్యార్థులకు ప్రవేశవ్యాసములు దిద్దిపెట్టు వృత్తిచే నగరమున పేరుమోసిన ఘనుడాతడు. విద్యాలయమువారు ‘నీవెదుర్కొన్న కష్టమును వివరింపుము’ అని యడుగుదురు గాన అలివేలు తన తండ్రిని గూర్చియు పలకను గూర్చియు సంతకమును గూర్చియు రెండు పుటలు ఉన్నదున్నట్లు వ్రాసికొనిపోయెను. జయసింహుడది చదివి మిక్కిలి సంతోషించి ఎర్రకలము తీసి చివరి పంక్తిలో ‘దగ్గుచున్నాడు’ అను మాటను కొట్టివైచి ‘గతించెను’ అని వ్రాసెను. “బ్రదికియున్న తండ్రిని చూచి వారు కరగరు. కష్టమునకొక ముగింపుండవలెను,” అని ఆ విద్వాంసుని యభిప్రాయము. అలివేలు రెండు దినములు అన్నము ముట్టలేదు. మూడవ దినమున సరేయనెను. ఎవరును ఆమె మెడమీద కత్తి పెట్టలేదు. ఆమె పక్షమున నున్న మనము కూడ ఈ సంగతి నొప్పుకొనవలసినదే.

తండ్రికా మాట ఆమె ఆనాటి ఉదయము బస్సులో చెప్పెను. ఆయన కిటికీ వంక చూచుచు, “ఎట్టా పోయినానంట?” అని యడిగెను.

“దగ్గుతో నాన్నా.”

“అయితే అబద్ధమేం కాదులే పాపా. రోంత ముందుగా రాసినారు, అంతే గదా,” అని ఆయన నవ్వెను. ఆ నవ్వు దగ్గుగా మారి తరువాతి ఊరు వచ్చువరకు ఆగలేదు. ద్వారము చేరినది మొదలు తాను చిన్నాన్నగా నటించుటకు ఆయన ఒప్పుకొనెను గాని కలము చేతికి రాగానే ఆ యొప్పందము మరచెను. అదృష్టవశమున కావలివాడు పుస్తకము చదువు రకము కాడు.

పరీక్షామందిరమున మువ్వురు కూర్చుండియుండిరి. వారిలో ప్రధానురాలు ఆచార్య కాత్యాయని. పట్టుచీర కుచ్చెళ్ళవలె మాటలను సయితము మడత నలుగకుండ పేర్చుకొని పలుకు ప్రౌఢ. అలివేలు నమస్కరించి కూర్చుండగానే ఆమె కాగితముల మీదినుండి తల యెత్తకయే ఇట్లనెను.

“అమ్మాయీ, ఈ ఉదయమునుండి మా యెదుట మువ్వురు తండ్రులు మరణించిరి. ఒకడు మగ్గము మీద, ఒకడు ఇటుకల బట్టీలో, ఒకడు ఉప్పుమడిలో. మువ్వురకును బిడ్డలే పేరు వ్రాయ నేర్పిరట. మువ్వురును దగ్గుచునే పోయిరట. నీ తండ్రి నాలుగవవాడు. బయట వరుసలో ఇంకెందరు చచ్చుటకు సిద్ధముగా నున్నారో చెప్పగలవా?”

జయసింహుడు తన తండ్రిని ముక్కలు చేసి పంచిపెట్టెనని ఆమెకు క్షణములో బోధపడెను. మగ్గము మీద చచ్చిన తండ్రి, బట్టీలో చచ్చిన తండ్రి, ఉప్పుమడిలో చచ్చిన తండ్రి, జయసింహుని యింట తాను మునుపు చూచిన యా మువ్వురును ఆ ప్రక్క చల్లని విశ్రాంతిమందిరమున కాళ్ళు చాచుకొని కాఫీ త్రాగుచుండుటను ఆమె వచ్చుచు కన్నులార చూచియేయుండెను. ఆమెకు ఒడలు మండెను. ఆ మంటలో సిగ్గును కొంత కలదు గాని సీటు మీది యాశ సిగ్గుకంటె జానెడు ఎత్తున నిలిచియుండెను.

“అది నా కథ మేడం. వాళ్ళకెట్టా పోయిందో నాకు తెలీదు. పలకా మాదే, దగ్గూ మాదే,” అనెను. చావు మాదేయను మాట మాత్రము ఆమె నోట రాలేదు.

“నీదనుటకు సాక్షి యెవరు? నీ వెంట వచ్చినదెవరు?”

“మా చిన్నాన్న.”

“పిలిపింపుడు,” అని కాత్యాయని గంట నొక్కెను.

చెన్నకేశవులు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి కుర్చీ చూపినను కూర్చుండక చేతులు కట్టుకొని నిలిచెను. చల్లగాలి తగులగానే ఆయన రొమ్ములో దగ్గు కదలెను. ఈ దగ్గు వినబడెనా అంతయు బయటపడునని తండ్రికిని తెలియును, కూతురికిని తెలియును. ఆయన దవడలు బిగించి మెడనరములు ఉబ్బ దానిని లోలోపలనే మ్రింగెను.

“నీ యన్న ఎట్లు మరణించెను?” అని కాత్యాయని యడిగెను.

ఆయన కూతురి వంక చూడలేదు. “పొద్దున్నే గనికి పోదామని లేచినాడమ్మా. గడప దాటలేకపోయినాడు. బిడ్డ బడికి పోయుండె. బిడ్డ వచ్చిందాకా ఉందామని శానా చూసినాడు. గోడకానుకొని ఎండపొడ ఎంత దూరం జరిగిందో చూసుకుంటా కూచున్నాడు. ఉండలేకపోయినాడమ్మా.”

సహపరీక్షకులలో నొకడు కండ్లద్దములు తీసి తుడుచుకొనెను. అలివేలు నేలను చూచుచుండెను. ఇది అప్పటికప్పుడు అల్లిన మాట కాదని ఆమెకు తెలిసిపోయెను. ప్రతి దినము గడపకడ నిలిచి ఈయన దీనినే తలచుకొనుచున్నాడు కాబోలు! ఆమెకు లేచి, ‘ఈయనే మా నాన్న’ అని కేక వేయవలెననిపించెను. ఆమె లేవలేదు.

కాత్యాయని మాత్రము కరగు ఘటము కాదు. వ్యాసమును మరల తిరగవేసి, సంతకమును గూర్చిన పంక్తికడ వ్రేలు నిలిపి, ఒక కాగితమును కలమును బల్లమీద ముందుకు జరిపి, “సంరక్షకుడు ఇచ్చట సంతకము చేయవలెను,” అని ఆయన చేతినే చూచుచుండెను.

చెన్నకేశవులు కలము నందుకొనెను. పదునొకండేండ్ల వాడుక గదా, వ్రేళ్ళు వానియంతట నవి సరిగా అమరెను. ములుకు కాగితమును తాకి చిన్న చుక్క పెట్టెను. అచ్చట ఆయన చేయి ఆగెను. తనకు వచ్చినది ఒక్క పేరు, ఆ పేరు చచ్చినవానిది.

ఆయన కలమును మెల్లగా క్రింద పెట్టెను.

“నాకు రాదమ్మా. మా అన్నకొచ్చు. ఆయనకి బిడ్డ నేర్పింది. నాకెవరు నేర్పుతారు?”

సిరాపెట్టె తెప్పించిరి. పంచాయతీవారు బ్రతిమాలినను ముట్టని యా నల్లసిరాలో ఆయన బొటనవ్రేలు అద్ది కాగితముమీద గట్టిగా ఒత్తెను. కాత్యాయని ఆ ముద్రను, దాని ప్రక్కనున్న చుక్కను, ఆయన మెడనరములను ఒకదాని తరువాత నొకటి చూచెను. ఆమెకు తెలిసెననియే మన నమ్మకము. ఐనను చిరునవ్వు నవ్వి కాగితముమీద ముద్రవేసి, “సీటు నీదే. నలుగురిలోను నీ తండ్రియే చక్కగా మరణించెను,” అనెను.

సాయంకాలము గోడమీద అంటించిన జాబితాలో అలివేలు పేరుండెను. మగ్గము, బట్టీ, ఉప్పుమడుల పేర్లును దానిక్రింద వరుసగా నుండెను. ఆ తండ్రులకు ఏ కాగితముమీదను వ్రేలు నల్లచేసికొను నవసరము కలుగలేదు. వారి కార్లు ఒకటొకటిగా దుమ్ము రేపుచు ద్వారము దాటిపోయెను.

దారిలో కొళాయి కనబడగా అలివేలు తండ్రి చేయి పట్టి వ్రేలు కడుగబోయెను. ఆయన పిడికిలి బిగించి, “ఉండనీ పాపా, ఇంకో పనుంది,” అనెను. ఆమెకది తెలియలేదు. ద్వారముకడ కావలివాడు సందర్శకుల పుస్తకము తెరచి ఉదయమున వ్రాసిన పేరునకెదురుగా ‘తిరుగుప్రయాణము’ అను గడి చూపగా, చెన్నకేశవులు కలము ముట్టక, సిరా ఆరిన బొటనవ్రేలిని నాలుకపై తడిచేసికొని ఆ గడిలో ఒత్తెను.

“పొద్దున ఇంతింత అక్షరాలు రాసినావు గదా పెద్దాయనా, ఇప్పుడు వేలిముద్రేంది?” అని కావలివాడు నవ్వెను.

“పొద్దున వచ్చినాయన వేరే నాయనా,” అని చెన్నకేశవులు గుట్ట దిగసాగెను. అంతవరకు ఆపుకొన్న దగ్గు అప్పుడు బయటపడి రాళ్ళలో మారుమ్రోగెను.

అలివేలు ఆ పుస్తకముముందు కదలక నిలిచెను. ఎడమ గడిలో తాను నేర్పిన యక్షరములు లోనికి వచ్చెను, కుడి గడిలో నల్లని వ్రేలు వెలికి పోయెను. వేలాది వ్యాసములు భద్రపరచుకొన్న యా విద్యాలయమున ఆనాడు నిజము వ్రాయబడిన పుట అది యొక్కటియే.