మేజోళ్ళ లోపలి మాట

పొద్దున కాళ్ళక్క గది తెరిచేసరికే ఎవరో ఒకరు మెట్ల మీద కూర్చుని ఉంటారు. గోరువెచ్చటి నీళ్ళతో కాళ్ళు కడిగి, తుడిచి, వాలుకుర్చీలో పడుకోబెట్టి, బొటనవేళ్ళతో అరికాళ్ళు ఒత్తడం ఆమె పని. బోర్డు మీద రిఫ్లెక్సాలజీ అని రాసుంది. ఆ మాటకి నోరు తిరగక జనం కాళ్ళక్క గది అంటారు.

"దీంతో నా షుగరు పోతుందా?" అని రోజుకొకరైనా అడుగుతారు.

"పోదమ్మా. మందులు మానొద్దు. ఇక్కడ దొరికేది విశ్రాంతి, అంతే."

"అంతేనా!" అంటారు, విశ్రాంతి వాళ్ళింట్లో బస్తాల కొద్దీ మూలుగుతున్నట్టు.

అరికాలి గుంటలో ఒత్తితే కాళ్ళు మాట్లాడతాయి. నోరు మింగేసిన మాటలే చెబుతాయి, ఒక్క ముక్క కల్పించవు. పేచీ అంతా అవి పెంచే గొంతు గురించే.

ఆ రోజు ఒత్తించుకోడానికొచ్చిన ఒక నర్సు ఎడమకాలు, "తప్పు చేసింది డాక్టరు, తిట్లు తిన్నది నేను!" అని అరిచింది.

"కాస్త మెల్లగా మాట్లాడమను అక్కా. కింద ఇస్త్రీ షాపులో మా ఆడబిడ్డ ఉంది," అంది నర్సు కళ్ళు మూసుకునే.

"నేనేం చెయ్యను? నోరుందిగా నీకు. అది వాడితే దీనికీ గోల తప్పేది."

మగవాళ్ళూ వస్తారు. వాళ్ళ కాళ్ళు మాత్రం సాధారణంగా పలకవు. మింగిన మాటంటూ ఉండాలి కదా! కాళ్ళక్క మొగుడి కాళ్ళయితే పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్క ముక్క అనలేదు. సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి అవి టీపాయ్ మీద తయారుగా ఉంటాయి, ఒత్తమని.

అత్తగారు మాత్రం కాళ్ళు ముట్టనివ్వదు. మండే ఎండల్లోనూ మేజోళ్ళు. "నాకేం నొప్పుల్లేవే తల్లీ" అంటుంది.

ఆ సాయంత్రం కాళ్ళు ఒత్తించుకుంటూనే మొగుడన్నాడు: "ఆఫీసులో నవ్వుతున్నారు. మీ ఆవిడ ఊళ్ళో అందరి కాళ్ళూ పట్టుకుంటుందట కదా అని. ఆ గది తాళాలిచ్చెయ్. మా ఫ్రెండు సామాను పెట్టుకోడానికి అడుగుతున్నాడు."

"ప్రమోషన్ కోసం మీరు మేనేజరు కాళ్ళు పట్టుకున్నప్పుడు ఎవరూ నవ్వలేదా?"

"మాటకి మాట! గది అమ్మ పేరున ఉంది. అమ్మకీ ఇష్టం లేదు. కదమ్మా?"

అత్తగారు బీన్సు తుంచుతూ, "వాడు చెప్పినట్టే కానియ్యమ్మా" అంది తలెత్తకుండా.

కాళ్ళక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుడి కాళ్ళు వదిలేసి, తాళాలు వాటి పక్కన పడేసింది.

"సరే. కానీ అత్తయ్యా, ఊళ్ళో అందరి కాళ్ళూ ఒత్తాను, మీవి తప్ప. గది పోయేముందు ఒక్కసారి ఇటివ్వండి."

"నాకెందుకులే" అంది అత్తగారు. బీన్సు గిన్నె పక్కన పెట్టింది. కొడుకు వైపు చూసింది. వాడు ఫోను చూసుకుంటున్నాడు. అప్పుడు తనే వంగి మేజోడు విప్పింది.

ఏళ్ళ తరబడి గాలి తగలక పాలిపోయిన కాలు. కోడలి బొటనవేలు గుంటలో ఆనగానే ఆ కాలు గొంతు సవరించుకుంది.

"వీడు చెప్పినట్టు. వీడికి ముందు వీడి నాన్న చెప్పినట్టు. ఆ గదిలో నా కుట్టుమిషను ఉండేది. పెళ్ళాం ఊళ్ళోవాళ్ళ బట్టలు కుడితే ఆయన పరువు పోతుందని అమ్మించేశాడు. ఇప్పుడు వీడి పరువట! ఎంతమంది పరువని మొయ్యను నేను?"

మొగుడు ఫోను దించాడు. "అమ్మా, నీ కాలేంటి ఇష్టమొచ్చినట్టు..."

"కాలు కాదురా," అంది అత్తగారు. వాడక మూలపడ్డ గొంతు, కాస్త బొంగురుగా వచ్చింది. "నేనే అంటున్నా. గది నాది. తాళాలు దానివి. ముందు టీపాయ్ మీంచి ఆ కాళ్ళు దించు."

వాడు దించాడు.

కాళ్ళక్క ఇంకాస్త గట్టిగా ఒత్తి చూసింది. అత్తగారి కాలు పలకలేదు. హాయిగా నిద్రపోతోంది.