తలుపు పక్కన మాస్కు

మంటలార్పేవాళ్ల మాస్కు అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి ఓఫేలియా మళ్లీ ముఖానికి తగిలించుకుంది. మోకాళ్లు పట్టేస్తున్నా నేలమీద పాకింది. అగ్నిమాపక కేంద్రం తరఫున బేకర్స్‌ఫీల్డ్ చుట్టూ ఉన్న పిల్లల బడులన్నీ తిరుగుతూ ఆమె చెప్పే పాఠం ఒకటే. పొగొస్తే వంగి బయటికి పాకాలి, మంచం కింద దూరకూడదు, మాస్కు మనిషి కనిపిస్తే ఎదురెళ్లాలి. ఊళ్లో పిల్లలందరూ ఆమె మాట వింటారు. ఇంట్లో పిల్లి ఒక్కటే వినదు.

పిల్లలు నవ్వుతూ వెంట పాకారు. నాలుగేళ్ల యారెట్సి మాత్రం బల్ల కింద దూరి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది ఓఫేలియాకు. అంత నిశ్శబ్దం ఎవరో నేర్పితేనే వస్తుంది.

సాయంత్రం పిల్లను తీసుకెళ్లడానికి తల్లి మారిక్రూస్ ద్రాక్షతోట నుంచి తిన్నగా వచ్చింది. ఓఫేలియా అడిగితే తల దించుకుంది.

"నేనే నేర్పా టీచరమ్మా. యూనిఫాంవాళ్లు తలుపు కొడితే మంచం కింద దూరి కిక్కురుమనకుండా ఉండమన్నా. ఈ దేశంలో ఉండటానికి మాకు కాగితాలు లేవుగా."

ఇంట్లో గ్వాదలూపే మాత పటం ముందు రాత్రంతా కొవ్వొత్తి వెలుగుతుందనీ, ఆర్పితే అత్తగారు ఊరుకోదనీ కూడా చెప్పింది.

ఓఫేలియాకు భయం వేసింది. చిన్నప్పుడు ఆమెనూ వాళ్లమ్మ అలాగే దాచేది. వంగి, మాస్కు పిల్ల చేతుల్లో పెట్టింది. కేంద్రం సామాను ఎవరికీ ఇవ్వకూడదని ఆమెకు తెలుసు.

"నీ దగ్గరుంచు తల్లీ. రేపు మీ ఇంటికొచ్చి తలుపు కొడతా. నువ్వే తెచ్చివ్వాలి, సరేనా?"

యారెట్సి తలూపింది.

ఆ రాత్రి ఓఫేలియా నిద్రలోనే పోయింది. గుండె ఆగిందన్నారు. మాస్కు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు సాయంత్రం తలుపు చప్పుడైంది. మారిక్రూస్ స్టవ్ ఆర్పి, దాక్కోమని కూతురికి సైగ చేసింది. యారెట్సి మంచం కింద దూరింది. అక్కడున్న మాస్కు పట్టుకుని వంగి, పాక్కుంటూ, తలుపు దాకా వచ్చి నిలబడింది. వచ్చింది పక్కింటావిడ, టీచరమ్మ చావు కబురు మోసుకుని.

పిల్లకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. తలుపు పక్కన నేలమీద మాస్కు ఇంకా అలాగే ఉంది, అద్దం నిండా చిన్న వేలిముద్రలతో.