ఇర్మె చెట్లు

ఆ పొద్దున దుర్గకి కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద జావ పొంగిపోతోందని భర్త సన్న లోపల్నుంచి కేకేస్తూనే ఉన్నాడు. ఆమె మాత్రం వాకిట్లోంచి దొడ్లోకి, దొడ్లోంచి వాకిట్లోకి తిరుగుతూనే ఉంది. ఇర్మె ఖాళీ బుట్టతో తిరిగొచ్చి అరుగు మీద కూర్చోవడం ఆమె కళ్లారా చూసింది. ఇప్పపూలు రాలే రోజుల్లో ఆడమనిషి ఖాళీ బుట్టతో ఇంటికి వచ్చిందంటే ఏదో జరిగిందనే అర్థం.

ఇర్మె సన్నకి అక్క. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసి, వీళ్ల ఇంటి వెనకే గుడిసె వేసుకుంది. సెంటు పొలం లేదు. ఉన్నవల్లా రెండు ఇప్పచెట్లు, అవి కూడా చిన్న తమ్ముడు ముకేష్ పొలంలో ఉన్నాయి. ఎండాకాలం ఆ పూలు ఏరి ఎండబెట్టుకుంటే చాలు, ఏడాదంతా ఒకరి ముందు చెయ్యి చాపకుండా గడిపేది.

"ఏమైంది వదినె?" అంది దుర్గ.

"కంప పెట్టిండు ముకేష్. రెండు చెట్లకూ. నేను ఊడ్చుకున్న జాగా చుట్టూనే పెట్టిండు."

చెట్టు కింద నేల ఊడ్చుకున్నవాళ్లే పూలు ఏరుకోవడం కొత్తగుంపులో అలవాటు. ఇర్మె నడుం పడిపోయేలా ఎండుటాకులు ఊడ్చి నేలంతా శుభ్రం చేసి పెట్టింది. తీరా పూలు రాలే వేళకి ముకేష్ రేగుకంప తెచ్చి అడ్డం పెట్టాడు. దుర్గకి ఒళ్లు మండిపోయింది. అయితే ఆ కోపం ముకేష్ మీద సగం, తన మీద సగం. ఆ కంపకి దారి వేసింది తనే మరి.

ఎర్రబోరు దాటి లోపలికి పోతే వాగుకి ఈ పక్క కొత్తగుంపు, ఆ పక్క పెద్దగూడెం. మొన్నమొన్నటిదాకా రెండూ కలిసి ఒకటే పంచాయతీ. విడిపోయినప్పుడు కొత్తగుంపు వాళ్లు డోలు కొట్టి ఎగిరారు. సొంత సర్పంచ్ వచ్చింది, సొంత రబ్బరు ముద్ర వచ్చింది. కట్టుబాట్లు మాత్రం పెద్దగూడెంవే మిగిలాయి. మడుగులో చేపలు ఎప్పుడు పట్టాలో, పశువు చేలో పడితే తప్పు కింద ఎంత కట్టాలో, అన్నిటికీ వాగవతలి మాటే. అన్నిటికన్నా దుర్గకి కంట్లో నలుసయింది విత్తనాల పండుగ. పెద్దగూడెం పూజారి గింజలు పంచేదాకా కొత్తగుంపులో ఒక్క గింజ నేల మీద పడకూడదు.

ఒక ఏడు వాన ముందే వచ్చింది. అప్పుడే పూజారి ఇంట్లో చావు జరిగి పండుగ వాయిదా పడింది. తడిసిన నేల కళ్లముందే ఆరిపోతుంటే కొత్తగుంపు చేతులు కట్టుకుని కూర్చుంది. ఆ ఏడు దుర్గ పొలంలో గడ్డి తప్ప ఏమీ రాలేదు.

నిరుడు గ్రామసభలో ఆమె లేచి నిలబడింది. ఊరు వేరైనాక వాళ్ల కానూన్లు మనకెందుకు, విత్తనాలతో సహా అన్నీ ఒకేసారి తీసిపారేద్దాం అంది. బడిపంతులు భానుప్రసాద్ ఒక్కడే అడ్డం చెప్పాడు. కొంటా నుంచి వచ్చిన మనిషి, నెమ్మదస్తుడు.

"అట్ల తొందరపడొద్దమ్మా. మన రాష్ట్రం మధ్యప్రదేశ్ నుంచి విడిపోయినప్పుడు పాత కానూన్లు ఒక్కరోజులో పారేయలే. ఉన్నయి ఉంచుకొని, తర్వాత కావాల్సినయి మార్చుకున్నరు."

"అందుకే సారూ, మన రాయపూర్‌కి ఇంకా భోపాల్ వాసన పోలే," అంది దుర్గ.

సభంతా పగలబడి నవ్వింది. పంతులు కూడా నవ్వి ఊరుకున్నాడు. చేతులన్నీ లేచాయి. ఆ నవ్వులో, ఆ ఊపులో, పారేస్తున్న మూటలో ఏమేమున్నాయో విప్పి చూడాలని ఒక్కరికీ తోచలేదు. మొదటి వానకే విత్తనాలు వేశారు, పంట విరగపండింది. ఊరంతా దుర్గ దుర్గ అంటుంటే ఆమెకి తల కాస్త ఎత్తుగానే నిలిచింది. తప్పేముంది, ఎవరికైనా అంతే.

ఆ మూటలోనే చెట్ల కట్టుబాటు కూడా ఉంది. పుట్టింటికి తిరిగొచ్చిన ఆడబిడ్డకి పొలం రాదు కానీ, పుట్టింటివాళ్ల పొలంలో ఉన్న ఇప్పచెట్లు ఆమె బతికినన్నాళ్లూ ఆమెవి. అదీ పోయింది. పోయిన సంగతి ఇవాళ ఖాళీ బుట్ట చెప్పింది.

జావ సన్నకి వదిలేసి దుర్గ ముకేష్ పొలానికి పోయింది. కంప లోపల పూలు నేల కనపడకుండా పరుచుకుని ఉన్నాయి. ముకేష్ గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. చెడ్డవాడు కాదు. పొలం చిన్నది, పిల్లలు ఎదుగుతున్నారు.

"సొంత అక్క నోటికాడిది గుంజుకుంటవా ముకేష్?"

"గుంజుకునుడు ఏంది వదినె? నా పొలం, నా చెట్టు. అక్కకి ఒక బుట్టెడు ఇస్తనన్న. వద్దని పోయింది. కానూన్ తీసేసింది నువ్వే గదా."

"ఇది తీసెయ్యాలని నేననుకోలే."

"అన్నీ అన్నవ్. నేను గూడ చెయ్యి లేపిన." అతను బీడీ నేలకి రాశాడు. "మళ్ల తేవాల్నంటే సభ పెట్టు. అన్నీ తేవాలె, విత్తనాల రోజు గూడ. నీకు నచ్చింది ఉంచి మిగిలింది పారేస్తనంటే నడవదు. అమ్మ ఉంటే గూడ నా దిక్కే మాట్లాడేది."

ముకేష్ అమ్మ అంటే దుర్గకి అత్త. పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ మాట రాగానే దుర్గకి ముందు గుర్తొచ్చేది ఆవిడ అరచేతులు. రెండు చేతుల నిండా నల్లటి మచ్చలు ఉండేవి. ఏందమ్మా అవి అని పిల్లలు అడిగితే, ఇప్పచెట్టు కరిచింది అనేది. ముళ్లులేని చెట్టు ఎట్లా కరుస్తుందని ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు. ఆవిడ మాత్రం నవ్వేది కాదు.

దుర్గ తిరిగొచ్చి ఇర్మె పక్కన కూర్చుంది. వెంటనే లేచి, మళ్లీ కూర్చుంది.

"మా చేలో చెట్లున్నయి గదా వదినె. వాటి కింద ఏరుకో. నేను అడుగు పెట్టను."

"నువ్వు రానిస్తే ఏరుకునేది నాది ఎట్లయితది? అవి నీయే. ఆ రెండు నాయి, దుర్గా. అడగకుండ పోయేదాన్ని, అడగకుండ వచ్చేదాన్ని." ఇర్మె గొంతు పెంచలేదు. "ఇయాల తమ్ముడి తానికీ నీ తానికీ బుట్ట పట్టుకొని తిరగమంటవా?"

దుర్గకి సిగ్గేసింది. సభ పెట్టించాలి, పెట్టిస్తుంది. కానీ ముకేష్ పట్టిన పట్టు విడుస్తాడా? విత్తనాల పండుగ తిరిగొస్తే, మళ్లీ వాగవతలికేసి చూస్తూ తడి నేలని ఆరబెట్టుకోవాలా? అసలు పాత కట్టుబాటు ఏమిటో కూడా ఊళ్లో ఒక్కరూ సరిగ్గా చెప్పలేకపోతున్నారు. పూలు మాత్రమేనని ఒకరన్నారు. గింజలు కూడానని ఇంకొకరన్నారు. ఒక్క చెట్టేనని ముకేష్ భార్య అంది. కాగితం మీద లేని మాట కాబట్టి ఎవరికి అనువైనట్టు వాళ్లు చెబుతున్నారు. సరిగ్గా తెలిసిన మనిషి ఒక్కడే మిగిలాడు, పెద్దగూడెం పెద్ద ముయా. ఏ ముఖం పెట్టుకుని పోవాలి? అయినా పోకుండా ఇంట్లో ఉండలేకపోయింది. ఎండ నెత్తికెక్కుతుండగా వాగు దాటింది.

ముయా వాకిట్లో తాడు పేనుతున్నాడు. ఆమెని చూసి పని ఆపలేదు.

"మా కానూన్లు వద్దన్నోళ్లు మా వాకిట్ల నిలబడ్డరు. నీళ్లన్న తాగుతవా, అవి గూడ వద్దా?"

"తాగుత తాతా. తిట్టుడు అయినంక ఒక మాట అడగాలె."

ముసలాయన నవ్వాడు. నీళ్లు ఇప్పించి ఆమె చెప్పిందంతా విన్నాడు. విన్నాక తాడు పక్కన పెట్టాడు.

"ఆ చెట్ల కానూన్ మాది గాదు బిడ్డా."

"మరి ఎవరిది?"

"మీదే. మీ అత్తది. మీ మామ చెల్లె మొగుణ్ని పోగొట్టుకొని వచ్చింది. మీ మామ ఆ రెండు చెట్లకే కంప పెట్టిండు. మీ అత్త ఒక్కతే పోయి ఉత్త చేతులతోని గుంజి పారేసింది. మాపటికి చేతులు రొట్టెలెక్క పొంగినయ్. ఆ చేతులే చూపెట్టుకుంట సభకొచ్చింది. పెద్దలంత వద్దన్నరు, మా నాయనే అందరికన్న గట్టిగ వద్దన్నడు. ఆమె కూసున్నకాడికెల్లి లేవలే. ఒప్పుకున్నంకనే లేచింది. పూలు, కాయలు, గింజలు, అన్నీ ఆడబిడ్డయే అని."

దుర్గ చెంబు కింద పెట్టింది. పెద్దగూడెం మోపిన బరువనుకుని తను విసిరికొట్టింది అత్త చేతి సంపాదన. ఇంట్లో ఉన్నన్నాళ్లూ నవ్వుకున్న మచ్చలకి ఇప్పుడు అర్థం తెలిసింది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఇంకా ఏమేం మాయి తాతా, ఆ పారేసినదాంట్ల?"

"తీరుబడిగ రా, కూసొని చెప్త. విత్తనాల రోజు మాత్రం మాదే," అన్నాడు ముయా. "అది మీరు మళ్ల పెట్టుకోకున్నా ఏమనుకోను."

తీరుబడి దుర్గకి ఎక్కడిది? వాగు దాటి ఇంటికి కూడా పోకుండా సరాసరి ముకేష్ పొలానికి పోయింది. పొద్దున రాలిన పూలు ఎండకి వాడిపోతున్నాయి. కొడవలి తెచ్చుకోవచ్చు, కట్టె తెచ్చుకోవచ్చు, అంత ఓపిక లేకపోయింది. రేగుకంపని రెండు చేతులా పట్టుకుని లాగింది. ముళ్లు దిగబడ్డాయి. నోరారా ఒక బూతు తిట్టి మళ్లీ లాగింది.

ముకేష్ పరుగెత్తుకొచ్చాడు. "ఏ కానూన్ కింద తీస్తున్నవ్ వదినె?"

"ఏ కానూన్ లేదు. అన్నీ పారేసిన గదా. నాకు తీయనీకి కానూన్ లేదు, నీకు పెట్టనీకి గూడ లేదు."

అతను ఆమె మణికట్టు పట్టి ఆపబోయాడు. అరచెయ్యి నిండా నెత్తురు కనబడింది. చటుక్కున వదిలేశాడు. "చేతికేమైంది?"

"ఇప్పచెట్టు కరిచింది," అంది దుర్గ.

ముకేష్ నవ్వబోయి ఆగిపోయాడు. చేతులకేసి చూశాడు, కంపకేసి చూశాడు.

"మీ నాయన పెట్టిండు, మీ అమ్మ గుంజింది," అంది ఆమె. "ఈ చెట్లకే. మీ మేనత్త కోసం. పెద్దగూడెం పోయి ముయా తాతనడుగు. ఆ కానూన్ తెచ్చింది మీ అమ్మ."

అతను గట్టు మీద కూర్చున్నాడు. "మాకెన్నడూ చెప్పలే," అన్నాడు.

"మీ నాయన పరువు తియ్యొద్దనుకున్నదేమో."

ముకేష్ లేచాడు. కండువా చేతికి చుట్టుకుని కంప రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఈడ్చి గట్టవతల పడేశారు. అయిపోయాక అతను తల తిప్పుకుని అన్నాడు, "మాపటికి సభ పిలుస్త. ఈ ఒక్కటే పెడదం. విత్తనాల రోజంటే మాత్రం నేనొప్పుకోను."

"నేనొప్పుకుంటనా?" అంది దుర్గ.

కబురు అందినట్టుంది, ఇర్మె బుట్ట చంకన పెట్టుకుని వచ్చింది. కంప తీసిన నేల దాకా వచ్చి ఆగిపోయింది.

"రా వదినె, ఏరుకో."

"సభ అయినంక."

"అప్పటికి ఏం మిగలయి. మేకలొస్తున్నయి చూడు."

"తింటే తిననీ. ఇయాల మీ ఇద్దరి మొగం చూసి ఏరుకుంటె, రేపు మీ మొగం మారితె నేనేడికి పోవాలె? ఊరు చెప్పాలె."

నిజంగానే ఊళ్లోవాళ్ల మేకలు గట్టు దిగి వస్తున్నాయి. కంప లేదు, కానూన్ లేదు, నేల నిండా పూలున్నాయి. ముకేష్ సభకి మనుషుల్ని పిలవడానికి ఊళ్లోకి పోయాడు. దుర్గ నెత్తురు చేతులతోనే ఒక కొమ్మ విరుచుకుని, ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి, ఆ చెట్టు నుంచి ఈ చెట్టుకి ఉరుకుతూ మేకల్ని అదిలిస్తోంది. ఇర్మె బుట్ట ఒళ్లో పెట్టుకుని, తను ఊడ్చుకున్న నేలకి ఇవతలే కూర్చుని, పొద్దు వాలడం కోసం చూస్తోంది.