వెనకబడిన మూడో సర్వర్

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. గాలి లేదు, పొద్దుటి నుంచి తెరిపివ్వని వాన. ఆసుపత్రి సర్వర్ గదిలో ఫోన్ మోగింది.

“పేషెంటు తల తెరిచి కూర్చున్నానమ్మా. స్క్రీన్ మీద స్కాన్ లేదు,” అంది సర్జన్. “గడ్డ లోతు తెలియకుండా కత్తి పెట్టలేను. అరగంట ఆగగలను, అంతే.”

అందరూ సర్వరమ్మ అని పిలిచే ఇంజనీరు వెంటనే సర్వర్లు తెరిచి చూసింది. ఒకే ఫైళ్ళు మూడు సర్వర్లలో ఉండేలా, ఒకదానిలోని మార్పు మిగతా రెండింటికీ దానంతటదే చేరేలా ఏర్పాటు చేసింది తనే. ఒకటి చెడినా రెండుంటాయని ఆమె హామీ ఇచ్చినందువల్లే స్కాన్లను ఫిల్ముల మీద తీయడం మానేశారు. ఇప్పుడు మొదటిది ఖాళీ. రెండోదీ ఖాళీ.

గుమ్మంలో రికార్డుల గుమాస్తా తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు.

“ఏం ముట్టుకున్నావు బాబాయ్?”

“ముట్టుకోవడమేంటి, సర్దాను. అవే స్కాన్లు మూడుచోట్ల పడున్నాయి. చోటు దండగని రెండోదాంట్లో తీసేశాను. మొదటిదాని జోలికే పోలేదు!”

“ఒకదాంట్లో తీస్తే అన్నింట్లోనూ పోతాయి!”

“అలాంటప్పుడు మూడెందుకు తల్లీ?”

యంత్రం చెడితే ఆదుకునే ఏర్పాటు మనిషి పొరపాటును కూడా అంతే నమ్మకంగా మోసుకుపోతుందని ఆమె ఎవరికీ చెప్పలేదు.

మూడోది ఆవరణకు అవతల, పాత భవనంలో ఉంది. నత్తనడక యంత్రం, నెల రోజులుగా ఆమెకు తలవంపులు తెచ్చింది అదే. చెరిపెయ్యమన్న ఆదేశాలు ఈపాటికి దానికి చేరి ఉంటాయి. ఒక్కొక్కటే అమలు చేస్తూ ఉంటుంది. ఆగమని ఇక్కణ్ణుంచి చెప్పి చూసింది. ఆ మాట కూడా వాటి వెనకే వరుసలో నిలబడింది.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వానలోకి పరుగెత్తింది. రెండుసార్లు జారింది. పాత భవనంలో ఆ యంత్రం దీపం ఇంకా మిణుకుమంటోంది. కరెంటు తీగ పట్టి లాగేసింది. డిస్కు ఊడదీసి ల్యాప్‌టాప్‌కు తగిలించింది.

యంత్రం పాతవాటి నుంచి చెరుపుకుంటూ వచ్చింది. నాలుగేళ్ళ స్కాన్లు లేవు. ఈ వారానివి మిగిలాయి.

“దొరికిందా?” ఆయాసపడుతూ వచ్చాడు గుమాస్తా.

“ఆపరేషన్ బల్ల మీదున్నామెది దొరికింది. పద.”

ల్యాప్‌టాప్ మీద తువ్వాలు కప్పి, ఆమెతోపాటు ఆపరేషన్ గదిదాకా పరుగెత్తాడు. అప్పుడు మూడూ ముప్పై ఎనిమిది.

తొమ్మిదేళ్ళ తర్వాత ఆ ఆసుపత్రిలో సర్వర్లు నాలుగు. నాలుగోదానికి మార్పులు కావాలనే ఒక రోజు ఆలస్యంగా చేరనిస్తారు. ఆ నాలుగేళ్ళ స్కాన్లు మాత్రం తిరిగి దొరకలేదు.