ఒడ్డు లేని గాలి

ఆఫ్రికాకు దక్షిణంగా పోతున్న సరుకుల ఓడ మీద నుంచి ఒక అల త్రినాథ్‌ను లాక్కుపోయింది. వెతకడం ఆపేశామని కంపెనీవాళ్లు ఫోన్ చేశారు. శవం దొరకనివాడికి గడ్డితో మనిషిని కట్టి దహనం చెయ్యడం నౌపడ దగ్గరున్న వాళ్ల పల్లెలో ఆచారం. తండ్రి దాలయ్య మాత్రం గడ్డి కోయనివ్వలేదు.

“అక్కడ ఏ గాలే?” అని కోడలు ఈశ్వరిని అడిగాడు.

“పడమటి గాలంట మావా. ఏడాది పొడుగునా అదేనంట.”

ముసలాయన ముఖం తేటపడింది. “అయితే తూరుపొడ్డుకి వస్తాడు. సముద్రం ఎవుల్నీ ఉంచుకోదు. గాలి ఎటో మనిసీ అటే. ఆ దేశపోళ్లని ఒడ్డు ఎతకమని సెప్పు.”

“ఒరే, ఈ ఒడ్డునే నీ వల నీకు దొరకదు. ఆ దేశం ఒడ్డు లెక్కలు నీకేటిరా?” అంది ఆయన అక్క కూర్మమ్మ. అని, కొంగు నోట్లో కుక్కుకుంది.

ఈశ్వరి అప్పటికే ఫోన్‌లో గాలుల పటం చూసింది. ఆ గీతలు పడమట నుంచి బయలుదేరి ఆఫ్రికా కిందుగా, ఆస్ట్రేలియా కిందుగా పోయి, దక్షిణ అమెరికా కొసను రాసుకుంటూ మళ్లీ మొదటికే వస్తున్నాయి. మామకు చెప్పలేదు. అది జాలి కాదని ఆమెకు తెలుసు. ఆయన లెక్కలో త్రినాథ్ ఇంకా ఎటో వస్తూనే ఉన్నాడు. అన్నం కలుపుతూ ఆమె కూడా, ఈపాటికి సగం దూరం వచ్చుంటాడు అనుకునేది. ఆ పొరపాటులో ఆమెకు వెచ్చగా ఉండేది.

ఒకరోజు దాలయ్య తన పడవ అమ్మడానికి బేరం కుదుర్చుకుని వచ్చాడు. “పాస్‌పోర్టు తీయించు. ఆడ్ని నానే పోల్చుకోవాల.”

ఈశ్వరి ఫోన్ ఆయన ముందు పెట్టింది. “మావా, ఆ గాలికి ఒడ్డు లేదు.”

“ఒడ్డు లేని గాలేటే, పిచ్చిదానా?”

ఆమె వేలితో గీతను చూపించింది. ఆయన తన వేలు పెట్టి గీత వెంట మెల్లగా చుట్టూ తిరిగాడు. మొదటికే వచ్చాడు. మళ్లీ తిరిగాడు.

“మజ్జిలో ఎక్కడా ఆగదేటి?”

“ఆగదు మావా.”

ఆయన వేలు తీసేశాడు. తర్వాత అక్కతో, “గడ్డి కోయించు,” అన్నాడు.

కూర్మమ్మ ఏడుస్తూ లేచి వెళ్లింది.

“ఆడికి ఈత బాగా వచ్చునే ఈశ్వరీ,” అన్నాడు దాలయ్య. ఎప్పటిలాగే గొప్పగా మొదలుపెట్టాడు గానీ, ఆ మాట పూర్తయ్యేసరికి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

ఆ నీళ్లలో అతను తొందరగా అలిసిపోయి ఉంటే బాగుణ్ను అని ఈశ్వరి మొదటిసారి కోరుకుంది.