అర్జునుడి మంగళవారాలు

పాకాల రైల్వేస్టేషన్ ఎదురుగా సైకిల్ షాపు పెట్టుకున్న ధనంజయ, ఎండాకాలం వస్తే అర్జునుడైపోయేవాడు. చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుళ్ళ ముందు భారతం ఆడే రోజులవి. అర్జునుడి వేషానికి అతని పేరు కలిసొచ్చింది, గొంతు కలిసొచ్చింది, మీసం కూడా కలిసొచ్చింది. కలిసిరానిది సారా ఒక్కటేనని భార్య వసంతమ్మ అనేది. సారా లేని అర్జునుడు ఉప్పులేని పప్పులాంటివాడని ధనంజయ అనేవాడు.

భారతంలో జనం ఎదురుచూసేది తపస్సు రోజు కోసం. ఊరి బయట కొబ్బరిచెట్టంత మాను నాటుతారు. పాశుపతాస్త్రం కోసం తపస్సు చేసే అర్జునుడు పొద్దున పూట పద్యాలు పాడుకుంటూ మెట్టు తర్వాత మెట్టు ఎక్కి, మాను కొనమీది పలకపై కూర్చుంటాడు. పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిచీరలతో కింద సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయ దొరికితే కడుపు పండుతుందని నమ్మకం. ధనంజయ ఏటా ఎక్కేవాడు. ఎక్కేముందు ఏటా తాగేవాడు. దేవుడి పని మీద తాగినదాన్ని తాగుడు కింద జమకట్టే అలవాటు ఆ పక్క ఊళ్ళలో లేదు.

ఎనభై రెండులో ఒక ఊళ్ళో సుభద్ర పెళ్ళి ఆడుతూ, తాళి కట్టాల్సిన అర్జునుడు పీటల మీదే నిద్రపోయాడు. జనం అది కూడా కథలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. వసంతమ్మ కొట్టలేదు. ఆ వచ్చిన మంగళవారమే మొగుణ్ణి రైలెక్కించి తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ మంగళవారాల్లో డాక్టర్ జ్ఞానాంబ తాగుడు మాన్పించే ఓపీ చూసేది. ఆమె ఇచ్చిన మాత్ర మింగి ఆపైన చుక్క తాగినా గుండె దడదడలాడుతుంది, ముఖం కందిపోతుంది, కడుపులోదంతా బయటికొస్తుంది. ధనంజయ ఒకసారి ప్రయత్నించి చూసి, డాక్టర్ అబద్ధం చెప్పలేదని తెలుసుకున్నాడు. ఆ తర్వాత మానేశాడు. రోజూ పొద్దున వసంతమ్మ ఎదురుగా నిలబడి మాత్ర మింగించేది. ప్రతి మంగళవారం ఇద్దరూ తిరుపతి పోయి వచ్చేవారు.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. అప్పుడే పాకాల యువజన సంఘంవారికి దేశసేవ గుర్తొచ్చింది. "మద్యాన్ని జయించిన ధనంజయుడు" అని గుడ్డ మీద రాయించి, బజారులో కట్టి, అతనికి శాలువా కప్పారు. ధనంజయ మైకు ముందు నిలబడి, "మనసు గట్టిగా ఉంటే చాలు, డాక్టర్లూ మాత్రలూ దేనికి?" అన్నాడు. ఆ పొద్దున వసంతమ్మ ఇచ్చిన మాత్ర అప్పటికింకా కడుపులో కరుగుతూనే ఉంది. సభ అయ్యాక సంఘం పెద్దలు అతని విజయాన్ని పండగ చేసుకోవడానికి బ్రాందీ షాపు వైపు వెళ్ళారు. అతన్ని రమ్మనలేదు, అంత మర్యాద వాళ్ళకు ఉంది.

రెండు మూడు సభల్లో అదే మాట చెప్పేసరికి ధనంజయ తన ఉపన్యాసాన్ని తానే నమ్మేశాడు. ఓపీ వరుస అతనికి నామోషీ అయింది. శాలువా కప్పించుకున్నవాడికీ నిన్న మురిక్కాలవలో దొరికినవాడికీ ఆ బెంచీ మీద తేడా ఉండేది కాదు. ఒక మంగళవారం షాపులో పని ఉందన్నాడు. ఇంకో మంగళవారం కాళ్ళనొప్పి అన్నాడు. ఆ తర్వాత సాకులు చెప్పడం కూడా మానేశాడు.

ఎండాకాలం దగ్గరపడుతుండగా, పూతలపట్టుకు అవతల ఒక పల్లె నుంచి మునివెంకటప్ప వచ్చాడు. ఆ ఊరి ధర్మరాజుల గుడికి అతనే ధర్మకర్త. షాపు ముందు స్టూలు మీద కూర్చుని సోడా తాగుతూ మాట కలిపాడు.

"ఏమప్పా ధనంజయా, తాగుడు ఇడిసిపెట్టినావంటనే! శానా సంతోషం. ఆ మాత్రలు ఇంకా మింగతా ఉండావా?"

"ఇంట్లో మిగిలినవి మింగతా ఉండానన్నా."

"తపస్సుకు పదైదు దినాల ముందరే నిలిపెయ్, దాని గుణం అన్ని దినాలు ఒంట్లో ఉంటాదంట. మాను మింద నువ్వు వాంతి చేసుకుంటివంటే ఊరికే అరిష్టం."

"తాగకపోతే వాంతి యాడినుంచి వస్తాదన్నా?"

మునివెంకటప్ప గోడకు వేలాడుతున్న సైకిల్ ట్యూబుల వైపు చూస్తూ, "ఏమో, జాగర్తకు చెప్తా ఉండా," అన్నాడు.

లోపలినుంచి వసంతమ్మ బయటికొచ్చింది. "మాత్ర నిలిపితే ఆ పొద్దు మాను ఎక్కేది ఈయన కాదు, సారా సీసా," అంది.

"దేవుడి కార్యానికి అడ్డం మాట్లాడొద్దమ్మా," అని మునివెంకటప్ప లేచాడు. ధనంజయ భార్యను కసిరి, మాత్రలు నిలిపేశాడు.

తపస్సు రోజు ధనంజయ నిజంగానే తాగలేదు. తాగకూడదనే వెళ్ళాడు కూడా. గాండీవం భుజాన తగిలించుకుని మాను ఎక్కడం మొదలుపెట్టాడు. నాలుగైదు మెట్లు ఎక్కి కిందికి చూశాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ కనబడనిది అప్పుడు కనబడింది: నేల. జనం తలలు, తడిచీరలు, మేళగాళ్ళ డోళ్ళు అన్నీ గిర్రున తిరిగాయి. పద్యం సగంలోనే వదిలేశాడు. చేతులు మానును కరుచుకున్నాయి. మెల్లగా దిగి వచ్చేశాడు.

"దిగినావేందప్పా?" అన్నాడు మునివెంకటప్ప కంగారుగా.

"కడుపులో తిప్పతా ఉండాది."

"దానికి మందు ఉండాది," అని మునివెంకటప్ప కొత్త గుడ్డ కప్పిన ఇత్తడి చెంబు తెప్పించాడు. "తీర్థం. కండ్లకద్దుకుని తాగు."

తీర్థం వాసన అతనికి బాగా తెలిసినదే. కండ్లకద్దుకుని తాగాడు. చెంబు ఖాళీ అయ్యాక ఇంకో చెంబు వచ్చింది. ఈసారి అర్జునుడు కోతిలా ఎక్కాడు.

పలక మీద కూర్చున్నాక శివుణ్ణి పిలిచే పద్యం పాడాలి. ధనంజయ గొంతు సవరించుకుని, మునివెంకటప్పను పిలిచాడు. "ఓయ్ ధర్మకర్తా! నీ తీర్థం మీ ఊరి చెరువుది కాదురా, మీ బామ్మర్ది మామిడితోపులో కాచినది!" అంటూ ఒక నిమ్మకాయ విసిరాడు. అది గురితప్పకుండా మునివెంకటప్ప నెత్తిన పడింది. అర్జునుడి విలువిద్యకు జనం మురిసిపోయారు. ఆ తర్వాత గుడి కమిటీలో ఎవరు ఏ చాటున తాగుతారో ఒక్కొక్కరి పేరూ పిలిచి, పిలిచినవాళ్ళకల్లా నిమ్మకాయ విసిరాడు. ఆడవాళ్ళ కోసం ఉంచిన కాయలు అయిపోయాయి. అప్పుడతను మానును కౌగిలించుకుని, "నేను దిగను, నన్ను దించండి నాయనా!" అని ఏడవసాగాడు.

నలుగురు ఎక్కి, నడుముకు తాడు కట్టి, బావిలోంచి బిందెను దించినట్టు అతన్ని కిందికి దించారు. తొమ్మిదేళ్ళుగా పిల్లల కోసం మొక్కుతున్న కుప్పమ్మ అనే ఆమె తడిచీరతోనే లేచి వచ్చింది. "నా నిమ్మకాయ యాడబ్బా?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు. ధనంజయకు మత్తు దిగిపోయేంత పని చేసింది ఆ ఒక్క మాటే.

తపస్సును భ్రష్టుపట్టించిన తాగుబోతు అని కమిటీ అతన్ని భారతం నుంచి వెలివేసింది. చెంబులో తీర్థం పోసినవాళ్ళే ఆ తీర్మానం చేశారు. పాకాల యువజన సంఘంవాళ్ళు తమ గుడ్డ విప్పుకుని, దాని వెనక పక్క కబడ్డీ పోటీల సంగతి రాయించుకున్నారు. ధనంజయ షాపు మూసి, వారాలకు వారాలు తాగాడు. తాగనప్పుడు కుప్పమ్మ గుర్తొస్తుందని తాగేవాడు, తాగాక కూడా గుర్తొచ్చేది.

ఒక సోమవారం వసంతమ్మ, "రేపు తిరపతికి పోదాం," అంది.

"ఏ ముఖం పెట్టుకుని పోయేది?"

"ఇంకో ముఖం ఉండాదా నీకు? ఉండేదాంతోనే పోదాం రా."

రైల్లో అతను డాక్టర్ ముందు చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. పశ్చాత్తాపానికి ద్రౌపది ముందు ధర్మరాజు చెప్పే పద్యం ఒకటి సరిపోతుందని కూడా అనుకున్నాడు. ఆసుపత్రికి చేరాక వరండాలో తల దించుకుని, తువ్వాలు ముఖానికి చుట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు. పక్కనున్నాయన అతన్ని తేరిపార చూశాడు. తిరుపతిలో ట్రంకుపెట్టెలు చేసే ఇమాంసాహెబ్. ధనంజయ ఓపీకి వచ్చిన మొదటి రోజుల్లో ఇద్దరూ కలిసి కూర్చునేవారు.

"అరే అర్జున్ భాయ్! మళ్ళీ వస్తివా?"

ధనంజయ సిగ్గుతో, "నువ్వు ఇంకా వస్తానే ఉండావా భాయ్?" అన్నాడు.

"నడమ రెండుసార్లు పారిపోతిని. రెండుసార్లూ మా ఇంటామె ఆయిషా బీ చెవి పట్టి తెచ్చె. తువ్వాలు తియ్యప్పా, ఈడ నీ ముఖం ఎవురికి కావాల?"

ధనంజయ తువ్వాలు తీశాడు. నిజంగానే ఎవరూ చూడలేదు. తనంత గొప్ప పాపికి ఇంత తక్కువ గిరాకీ ఉన్నందుకు అతనికి కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

లోపలికి పిలవగానే అతను డాక్టర్ జ్ఞానాంబ కాళ్ళ మీద పడబోయాడు. పద్యం ఎత్తుకోబోయాడు.

"లెయ్యప్పా, బయట జనం ఉండారు," అందామె. "కడసారి ఎప్పుడు తాగినావు?"

"నిన్న సాయంత్రం. తల్లీ, ఆ మాత్ర ఇప్పుడే ఇయ్యి, నీ ముందరే మింగతాను."

"ఇప్పుడు మింగితే పైకి పోతావు. ముందు ఒంట్లో ఉండేది దిగిపోవాల. వణుకు తగ్గేదానికి వేరే మందు ఇస్తాను. శుక్రవారం రా, ఓపీ లేకున్నా చూస్తాను."

"శుక్రవారం దాకా తాగకుండా ఉంటానో లేదో..."

"తాగినా రా. తాగింటే ఇంకా ముందరే రా." ఆమె రాసుకుంటూ అడిగింది: "తాగినావు సరే. దానికి ముందరే రావడం నిలిపేసినావు కదా. ఎందుకు?"

ఆ ప్రశ్నకు పద్యం లేదు. ధనంజయ మామూలు మాటల్లోనే చెప్పాడు. "బాగైపోయినాననుకున్నానమ్మా. మళ్ళీ మాను ఎక్కాల్సి వచ్చె. నాకు... ఎత్తంటే భయం."

వసంతమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఇన్నేండ్లు ఎక్కతా ఉండావు కదబ్బా!"

"తాగి ఎక్కినాను కదే. ఆ భయం పోయేదానికే మొదలుపెట్టినాను. అర్జునుడికి భయమని ఎవురికి చెప్పేది?"

వసంతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. డాక్టర్ కూడా నవ్వేసింది. ధనంజయకు కోపం రావాల్సింది, రాలేదు.

"దానికేమన్నా మాత్ర ఉండాదా తల్లీ?"

"ఎక్కకుండా ఉండడమే," అంది డాక్టర్.

శుక్రవారం అతను తాగే వచ్చాడు. డాక్టర్ తిట్టలేదు, మందు మార్చి పంపింది. మంగళవారం తాగకుండా వచ్చాడు. ఆపైన మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి.

మరుసటి ఏడు మునివెంకటప్ప సిగ్గు లేకుండా మళ్ళీ షాపుకొచ్చాడు. వెలి మాట ఎవరూ ఎత్తలేదు. అంత మంచి గొంతు వేరే దొరకలేదు మరి. ధనంజయ ధర్మరాజు వేషమైతే వేస్తానన్నాడు. ధర్మరాజు ఏమీ ఎక్కడు, ఓడిపోయి కూర్చుంటాడంతే. కారణమడిగితే దాచకుండా చెప్పాడు. అర్జునుడికి ఎత్తంటే భయమన్న కబురు పూతలపట్టు దాకా పాకింది. సంతలో కుర్రకారు అతన్ని చూసి నిచ్చెన కావాలా అని అడిగేవాళ్ళు. అతను నవ్వి ఊరుకోవడం నేర్చుకున్నాడు. నేర్చుకోవడానికి చాలా రోజులే పట్టింది.

భారతం మొదలయ్యే ముందు అతను కుప్పమ్మ ఇంటికి వెళ్ళాడు. వాకిట్లో నిలబడి, తప్పైపోయిందన్నాడు. ఆమె చేట పక్కన పెట్టి, "పోనీలేబ్బా, కాఫీ తాగతావా?" అంది. తాగి వచ్చాడు.

ఆ తర్వాత రెండేళ్ళకు వసంతమ్మ చెల్లెలి పెళ్ళిలో అతను మరోసారి తాగాడు. తెల్లారి ఎవరూ చెప్పకుండానే చొక్కా తొడుక్కుని ఒక్కడే తిరుపతి రైలెక్కాడు. ఆ రోజు గురువారం. ఓపీ లేదని నర్సు చెబితే, "డాక్టరమ్మ యాడున్నా చెప్పండి, ధనంజయ వచ్చి ఆడ కూర్చోనుండాడని," అని బెంచీ మీద కూర్చున్నాడు.